ఆ అర్జీ మీద నా సంతకం కూడా ఉంది

పోయినేడు దసరా సెలవులయ్యాక మా చిన్నదాని బడిలో తల్లిదండ్రులం కొంతమందిమి కలిసి ఒక అర్జీ ఇచ్చాం. రెండో తరగతి పిల్లలకి రోజూ హోంవర్కు ఇవ్వాలి, నెలనెలా పరీక్ష పెట్టాలి, వర్కుబుక్కులు తెప్పించాలి అని. పదిహేడు సంతకాల్లో నాలుగోది నాది. ఆ సంతకం గురించే ఇవాళ రాస్తున్నాను.

ముందు ఆ బడి సంగతి చెప్పాలి. మా వీధి చివర పాత పెంకుటింట్లో నడుస్తుంది. ఒకటి నుంచి ఐదు వరకే తరగతులు. గవర్నమెంటుది కాదు, అలాగని పసుపు బస్సులూ టై కట్టుకున్న వాచ్‌మనూ ఉన్న పెద్ద బడీ కాదు. ఎన్నో ఏళ్ళు పాఠాలు చెప్పి రిటైరైన ఒక టీచరుగారు, మరో నలుగురు టీచర్లతో నడుపుతున్నారు. పిల్లలు ఆవిడని పెద్ద టీచరమ్మ అంటారు.

అక్కడ పొద్దున్న మొదటి అరగంట కబుర్లు. నిన్న ఇంట్లో ఏం జరిగిందో ఒక్కొక్కరూ చెప్పాలి. అందులో ఒక వాక్యం టీచరు బోర్డు మీద రాస్తారు. ఆ రోజుకి అదే తెలుగు పాఠం. ఓసారి మా పిల్ల పుణ్యమా అని "మా అమ్మ పక్కింట్లో పంచదార అప్పు తెచ్చింది" అనే వాక్యం బోర్డెక్కింది. సాయంత్రం గేటు దగ్గర మిగతా తల్లులు నవ్వుతుంటే తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. కానీ ఏమాటకామాటే చెప్పుకోవాలి. మా పెద్దవాడు పేజీలకు పేజీలు రాసినా పట్టుబడని ఒత్తులు, దీనికి పక్కింట్లోనూ అప్పులోనూ వచ్చేశాయి.

లెక్కలకి చీపురుపుల్లలు. పదేసి పుల్లలకి ఒక రబ్బరుబ్యాండు. యాభై రెండులోంచి ఇరవై ఏడు తియ్యాలంటే ఐదు కట్టలు, రెండు విడి పుల్లలు ముందు పెట్టుకుంటుంది. ఏడు పుల్లలు ఇవ్వాలి, ఉన్నవి రెండే. ఒక కట్ట విప్పుతుంది. పన్నెండయ్యాయి. ఏడు తీస్తే ఐదు మిగిలాయి. నాలుగు కట్టల్లో రెండు పోతే రెండు. ఇరవై ఐదు. నేను చదువుకున్నప్పుడు "పక్క అంకె దగ్గర ఒకటి అప్పు తెచ్చుకో" అన్నారు, తెచ్చుకున్నాను. ఆ ఒకటి ఇటు వచ్చేసరికి పది ఎందుకవుతుందో నా కూతురు కట్ట విప్పుతుంటే చూసి తెలుసుకున్నాను.

మరి ఇంత తెలిసీ సంతకం ఎందుకు పెట్టావమ్మా అంటారా? వస్తున్నా.

దసరాకి మా ఆడపడుచుగారింట్లో గృహప్రవేశం. మా తోటికోడలి కొడుకూ మా పిల్లా ఒక ఈడువాళ్ళే. వాడు భోజనాల దగ్గర నిలబడి పదహారో ఎక్కం గడగడా అప్పజెప్పాడు. హిప్పోపొటమస్‌కి స్పెల్లింగు కూడా చెప్పాడు. ఎవరో మా పిల్లనీ చెప్పమన్నారు. ఇది ఆలోచించి ఆలోచించి, "అది ఏం తింటుంది?" అని అడిగింది. పందిరంతా నవ్వు. మా అత్తగారు నా వంక చూసిన చూపు మాత్రం నవ్వులాంటిది కాదు. ఆ రాత్రి బస్సులో మా ఆయనతో "కట్టే ఫీజుకి చెబుతున్నదేమిటండీ" అన్నాను. వారం తిరక్కుండా అర్జీ వచ్చింది. పెన్ను కూడా నాదే.

పెద్ద టీచరమ్మ వాదించలేదు. పిల్లలు మానేస్తే టీచర్లకి జీతాలెక్కణ్ణుంచి తెస్తారు? వర్కుబుక్కులు వచ్చాయి. వాటిని నింపాలి కాబట్టి పొద్దున్న కబుర్లు ఆగిపోయాయి.

క్రిస్మస్ ముందు ఓ రోజు హోంవర్కు చూస్తున్నాను. అదే లెక్క. యాభై రెండులోంచి ఇరవై ఏడు తీస్తే ముప్ఫై ఐదు అని రాసింది. ఎలా వచ్చిందే అంటే, "పెద్దదాంట్లోంచి చిన్నది తియ్యాలి కదమ్మా, ఏడులోంచి రెండు పోతే ఐదు" అంది. పుల్లలు తెచ్చుకోవే అన్నాను. "ఇప్పుడు పుల్లలు ముట్టుకోకూడదు, టైము చాలదు" అంది.

లెక్క తప్పినందుకు కాదు నాకు బాధ. లెక్కలు తప్పుతాయి, దిద్దుకుంటాయి. ఇదివరకు పడుకునేముందు, "అమ్మా, రేపు ఏం చెప్పను?" అని అడిగేది. రేపు చెప్పడానికని కాకి గూడు కట్టడం చూసేది, నాన్న సైకిలు ట్యూబుకి పంచరు వేస్తుంటే పక్కన కూర్చునేది. ఇప్పుడు అడగడం మానేసింది. అడిగేది నేనే. "హోంవర్కు అయిందా?" అని.

అర్జీ పెట్టినవాళ్ళ భయం ఉత్తదని నేననను. ఐదు అయ్యాక ఆరో తరగతికి ఎలాగూ పెద్ద బడికి పంపాలి. అక్కడ ఇంగ్లీషులో నెగ్గుకురావాలి. ఎక్కాలు కంఠతా రావాల్సిందే, చేతిరాత కుదరాల్సిందే. కానీ ఏడేళ్ళ పిల్లకి రాత్రి ఎనిమిదింటికి ఇచ్చే హోంవర్కు ఎవరికి పరీక్ష? నాబోటి ఇంట్లో ఉండే తల్లికి. మా సందులో బట్టల షాపులో పనిచేసే ఒకావిడ తొమ్మిదింటికి గానీ ఇల్లు చేరదు. ఈ హోంవర్కు కోసమే ఇప్పుడు ట్యూషను పెట్టించింది. మా సంతకాలు ఆవిడ జీతంలో కోత పెట్టాయి.

ఈ మాట నేను కొత్తగా చెప్పేదీ కాదు. బడి బరువు మీద యశ్‌పాల్ కమిటీ 1993లోనే నివేదిక ఇచ్చింది. సంచి బరువు కంటే అర్థం కాకపోవడమనే బరువే పిల్లలకి ఎక్కువ చేటు చేస్తుందని చెప్పింది. ఒకటి, రెండు తరగతులకి హోంవర్కు వద్దని, సంచి కిలోన్నర దాటకూడదని 2018లో కేంద్రం రాష్ట్రాలకి రాసింది. 2009 నాటి విద్యాహక్కు చట్టం కూడా పిల్లలు చేసి, వెతికి నేర్చుకోవాలనే అంటుంది. అంటే మా పెద్ద టీచరమ్మ చేస్తున్నది చట్టం చెప్పినదే. వద్దన్నది మేం.

ఇంకో సిగ్గు మాట. మా పెద్దవాడు కడుపులో ఉన్నప్పుడు రైలుబడి పుస్తకం చదివి మురిసిపోయినదాన్ని నేను. కొత్తగా చేరడానికి వచ్చిన టోటోచాన్ కబుర్లని కొబయాషి మాస్టారు నాలుగు గంటలు కూర్చుని విన్నారని చదివి, మనకీ అలాంటి బడి ఉంటే ఎంత బావుణ్ణు అనుకున్నాను. జపాన్‌లో ఉంటే ముద్దు. మన వీధి చివర ఉంటే, అరగంట కబుర్లు మాకు దండగ అనిపించింది. ప్రైవేటు బడి మనం అడిగినదే అమ్ముతుంది. అందుకే అడిగేముందు కాస్త ఆలోచించాలి. నేను ఆలోచించలేదు.

సంక్రాంతి అయ్యాక అరిసెలు పట్టుకుని పెద్ద టీచరమ్మ దగ్గరికి వెళ్ళి తప్పయిందండీ అన్నాను. ఆవిడ డబ్బా తీసుకుని, "మీరొక్కరూ అంటే సరిపోదమ్మా. అర్జీ పదిహేడు మందిది" అన్నారు. న్యాయమే.

అందుకని ఇల్లిల్లూ తిరుగుతున్నాను. వర్కుబుక్కులు పారెయ్యమనడం లేదు, ఎలాగూ డబ్బు పోశాం. పొద్దున్న అరగంట కబుర్లు మళ్ళీ పెట్టాలి, పుల్లల కట్టలు బయటికి తియ్యాలి, ఎక్కాలు రాయించకుండా నోటితో చెప్పించాలి, రెండో తరగతి దాకా హోంవర్కు ఉండకూడదు. ఈ నాలుగే. ఇప్పటికి నాతో కలిపి ఆరుగురం అయ్యాం. ఒకావిడైతే, "మీకేమండీ, మీ పిల్ల చురుకైనది" అని తలుపేసేసింది. మా ఆయన మాత్రం వంట ఎప్పుడవుతుందని అడగడం మానేసి బియ్యం కడుగుతున్నారు.

ఇంకా పదకొండు ఇళ్ళున్నాయి. ఈలోగా మీరూ మీ పిల్లల్ని ఇవాళ హోంవర్కు సంగతి అడక్కుండా, రేపు బడిలో ఏం చెబుతావని అడిగి చూడండి.