చెరువులో బ్యాక్టీరియాను తినేవాటి లెక్క ఎవరు తీస్తారు?

మంచినీటి చెరువులో ఒక్క మిల్లీలీటరు నీటికి సుమారు పది లక్షల బ్యాక్టీరియా ఉంటాయి. తిండి దొరికితే చాలు, ఇట్టే రెట్టింపయ్యే జీవులవి. అయినా వాటి సంఖ్య హద్దు దాటదు. వాటిని వేటాడే జీవులు ఆ నీటిలోనే ఉండటం దీనికి ఒక ముఖ్య కారణం. కశాభం ఆడిస్తూ ఈదే ఏకకణజీవులు, ఒళ్లంతా శైలికలున్న సీలియేట్లు, లోపలికి చొరబడి చంపే ఫేజ్ వైరస్‌లు రేయింబవళ్లు ఈ పనిలోనే ఉంటాయి. మన చెరువుల నీటి పరీక్షల్లో మాత్రం ఎంతసేపూ కోలిఫాం బ్యాక్టీరియా, బీఓడీ (మలినాలను కుళ్లబెట్టడానికి సూక్ష్మజీవులు వాడుకునే ఆక్సిజన్) అంకెలే. తినేవాటి లెక్క కూడా తేలాలంటే పీహెచ్‌డీ స్థాయి పరిశోధన తప్పదు.

మురుగు శుద్ధి కేంద్రాలకే డబ్బు చాలడం లేదు, సూక్ష్మజీవుల వేట మీద ఖర్చు దేనికని అడిగేవారున్నారు. ఆ శుద్ధి కేంద్రాల నీళ్లు తేటపడేదీ చాలావరకు ఈ వేట వల్లే. 1960లలో బ్రిటన్‌లో కోలిన్ కర్డ్స్ బృందం సీలియేట్లు లేకుండా చిన్న శుద్ధి యంత్రాలను నడిపి చూసింది. బయటికొచ్చిన నీళ్లు బ్యాక్టీరియాతో మసకబారి ఉన్నాయి. సీలియేట్లను చేర్చాక తేటపడ్డాయి. సూక్ష్మదర్శిని కింద మురుగు మడ్డి చుక్కను పెడితే వోర్టిసెల్లా కనిపిస్తుంది. కాడ మీద గంటలా నిలబడి, శైలికలతో నీటిని సుడి తిప్పి బ్యాక్టీరియాను నోట్లోకి లాక్కుంటుంది. కాస్త కదిలిస్తే చాలు, కాడ స్ప్రింగులా ముడుచుకుపోతుంది.

అలాగైతే వేటాడే జీవులనే తెచ్చి చెరువులో వదిలితే సరిపోదా? సరిపోదు. చెక్ దేశంలోని రిమోవ్ జలాశయం మీద కారెల్ షిమెక్ బృందం ఏళ్ల తరబడి చేసిన పరిశోధనలు ఒక సంగతి తేల్చాయి. వేట ముమ్మరమైతే కొన్ని బ్యాక్టీరియా మింగుడుపడనంత పొడుగు పోగులుగా పెరుగుతాయి, మరీ చిన్నవి కంటపడకుండా తప్పించుకుంటాయి. అంటే వేట సంఖ్యను తగ్గించి ఊరుకోదు, మిగిలేవి ఏవో కూడా తేలుస్తుంది. ఆ మిగిలినవి మనకు మేలు చేసేవో కీడు చేసేవో చూడకుండా ఏది వదిలినా చీకట్లో బాణం వేసినట్టే.

విదేశాల్లో ఇంత పని జరిగాక మళ్లీ మనమెందుకనే మాటా ఉంది. రిమోవ్ చలిదేశపు నీరు. మన చెరువులు మండుటెండలో, మురుగు కలుస్తుండగా బతుకుతున్నాయి. పటాన్‌చెరు దగ్గరి శుద్ధి కేంద్రం వదిలిన నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉందని 2007లో స్వీడన్ పరిశోధకులు వెల్లడించారు. ఇలాంటి నీటిలో ఎవరు ఎవరిని తింటున్నారో చెక్ జలాశయం చెప్పలేదు. చెరువుల పునరుద్ధరణకు పెట్టే నిధుల్లో కొంత తీసి, మూడు నాలుగేళ్లు ఒకే చెరువును పట్టుకుని కూర్చునే పరిశోధక విద్యార్థులకు ఫెలోషిప్‌గా ఇవ్వాలని రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలను, విశ్వవిద్యాలయాలను కోరుతున్నాను.