మేడమీది మలేరియా

మలేరియా యనగానే మనలో పెక్కండ్రకు మన్యపు జ్వరము జ్ఞప్తికి వచ్చును. కొండవాగులలో పెరుగు దోమలు అచ్చట దానిని వ్యాపింపజేయుట నిజమే. కాని చెన్నపట్టణమున దానిని మోయునది వేఱొక దోమ. స్టీఫెన్సై యను పేరుగల ఈ అనాఫిలిస్ జాతి దోమ మన బావులలోను, మేడమీది నీటితొట్లలోను గ్రుడ్లు పెట్టును. మురుగుకన్న తేటనీరే దానికి ప్రియము. 2012లో ఆఫ్రికాలోని జిబూటీలో కనబడిన నాటినుండి ఆ ఖండపు పట్టణములకును ఇది భయకారణమైనది.

1897 ఆగస్టు 20వ తేదీన సికిందరాబాదులో రోనాల్డు రాసు మచ్చలరెక్కల దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొనెను. రోగిని కుట్టిన దోమలో ఆ క్రిమి ముదురుటకు రమారమి పది, పదునాలుగు దినములు పట్టును. గ్రుడ్డు దోమయై యెగురుటకు వేసవిలో ఒక వారమునకు పైచిలుకు చాలును. కావున వారమున కొకమారు తొట్టిని కడిగి యారబెట్టి, బిగువైన మూత వేసి, బావికి సన్నని వల కప్పినచో దోమ పుట్టుకయే నిలిచిపోవును.

దోమలు పెరుగు నీటిని ఉంచరాదని 1939 నాటి ప్రజారోగ్య శాసనము ఏనాడో విధించినది. ఆ శాసనము నేటికిని అమలునందున్నది. అయినను తనిఖీకి వచ్చిన ఉద్యోగిని మేడ యెక్కనీయని వారిలో విద్యాధికులును కలరని చెప్పుటకు సిగ్గుపడుచున్నాము. ఇతరులకు శాసనము బోధించు మనము మన తొట్టికి మూత వేయకుండుట న్యాయమా?

ఇంటిదొంగను ఈశ్వరుడైనను పట్టలేడందురు. ఈ దొంగకు ఆశ్రయ మిచ్చినది మనమే, వెడలగొట్టవలసినదియు మనమే.