డోరతీని ఎవరు అడిగారు?



మిషనరీ ఆదివారం వచ్చిందంటే మన మందిరాల్లో విలియం కేరీ కథ తప్పకుండా వినిపిస్తుంది. చెప్పులు కుట్టుకుని బ్రతికినవాడు, గోడకు ప్రపంచ పటం తగిలించుకుని జనాంగాల కోసం ప్రార్థించినవాడు, 1793లో బెంగాలుకు వచ్చి 1834లో ఇక్కడే కన్నుమూసేవరకు ఒక్కసారి కూడా ఇంగ్లండుకు తిరిగి వెళ్ళనివాడు. ఇంతవరకు మాకేమీ అభ్యంతరం లేదు. ఆ తర్వాత వచ్చే మాట దగ్గరే మా పేచీ. "ఆయన భార్య మాత్రం సేవకు అడ్డుబండ అయింది, రానని మొండికేసింది, ఆఖరికి మతి పోయింది, అయినా దైవజనుడు నాగలి మీద చెయ్యి తీయలేదు" అంటారు. కొందరైతే లోతు భార్యను కూడా తెచ్చి ఆమె పక్కన నిలబెడతారు. సంఘమంతా హల్లెలూయా అంటుంది. ముందు వరుస చాప మీద చంటిబిడ్డను ఒళ్ళో పెట్టుకున్న తల్లి కూడా అంటుంది.

ఆ హల్లెలూయా అనకూడదని మా వాదన. ఎందుకో కాస్త వివరంగా చెప్తాం, ఓపిక పట్టండి. ఆ కథలో ప్రసంగాల్లోకి రాని భాగం చాలా ఉంది.

డోరతీ ప్లాకెట్‌కు కేరీతో 1781లో పెండ్లి అయింది. చదువు రాదు, పెండ్లి రిజిస్టరులో సంతకం బదులు గుర్తు పెట్టింది. మన పల్లెల్లో వేలిముద్ర వేసే అవ్వల్లాంటి మనిషే అనుకోండి. మిషన్ సంగతి వచ్చేనాటికి ఇద్దరు ఆడపిల్లల్ని పోగొట్టుకుంది. ముగ్గురు మగపిల్లలు చేతికింద ఉన్నారు, ఇంకొకడు కడుపులో ఉన్నాడు. అదే సమయంలో ఫ్రాన్సుతో యుద్ధం మొదలైంది, సముద్రం మీద ఓడలకు భద్రత లేదు. 1792 అక్టోబరు 2న కెటరింగ్‌లో కొందరు బాప్టిస్టు సేవకులు కూడి, 13 పౌండ్ల 2 షిల్లింగుల 6 పెన్సుల కానుక రాసుకుని సొసైటీ స్థాపించారు. ఆ గదిలో ఆమె లేదు, ఆమె వంటి తల్లి ఒక్కతీ లేదు. నిండు గర్భిణి "నేను రాలేను" అంది. ఇందులో అవిశ్వాసం ఎక్కడుందో మాకైతే కనబడదు. మీ ఇంటి కోడలు ఎనిమిదో నెలలో ఇలాంటి ప్రయాణానికి రానంటే ఆమెను లోతు భార్య అంటారా?

కేరీ పెద్ద కొడుకు ఫీలిక్స్‌ను తీసుకుని బయలుదేరాడు. ఆ అబ్బాయికి అప్పటికి పదేళ్ళు కూడా లేవు. కంపెనీవారి అనుమతి లేదని వాళ్ళను ఓడ నుండి దింపేశారు. వేరే ఓడ దొరికేలోగా వెనక్కి వచ్చి మళ్ళీ అడిగితే డోరతీ మళ్ళీ వద్దంది. అప్పటికి ఆమె బాలింతరాలు. కేరీ వచ్చేశాడు గానీ, తోటి మిషనరీ జాన్ థామస్ దారిలోనుంచి వెనక్కి వెళ్ళి ఆమెతో మాట్లాడాడు: ఇప్పుడు రాకపోతే నీ కుటుంబం శాశ్వతంగా చెదిరిపోతుంది, బ్రతికినన్నాళ్ళూ నీవు పశ్చాత్తాపపడతావు అని. ఈ సంగతి తానే రాసుకున్నాడు, దాచలేదు. ఆమె చెల్లెలు కిటీ తోడు వస్తేనే వస్తానంది. చెల్లెలు ఒప్పుకుంది. దొరికిన కాస్త వ్యవధిలోనే సామాన్లు అమ్మి, మూటగట్టి బయలుదేరారు. జూన్ 13న డోవర్‌లో డెన్మార్కు ఓడ ఎక్కేనాటికి చిన్నవాడు జాబెజ్ నెల బిడ్డ. ఐదు నెలలు సముద్రం మీదే. నవంబరు 11న కలకత్తా.

ఇలా దొరికిన "సరే"ను మనం సమర్పణ అని పిలుస్తున్నాం. దానికి మేమైతే భయం అని పేరు పెడతాం.

దిగిన తర్వాత తెచ్చిన డబ్బు థామస్ చేతుల్లో త్వరగా కరిగిపోయింది. ఇల్లు తర్వాత ఇల్లు మారారు. డోరతీకి, పెద్దవాడికి రక్తవిరేచనాలు పట్టుకున్నాయి. అక్కడినుండి సుందరవనాల అంచున దేబ్‌హాటా, పులులు తిరిగే చోటు. అక్కడ వాళ్ళకు ఆశ్రయమిచ్చిన కంపెనీ ఉద్యోగిని కిటీ పెండ్లి చేసుకుని ఉండిపోయింది. అంటే ఏ చెల్లెలి తోడు కోసం డోరతీ ఓడ ఎక్కిందో ఆ తోడు కూడా చేజారింది. ఆ తర్వాత మదనాబతి, నీలిమందు కర్మాగారం. 1794 అక్టోబరులో ఐదేళ్ళ పీటర్ జ్వరంతో చనిపోయాడు. గొయ్యి తవ్వడానికి, శవాన్ని మోయడానికి కుల మైలకు భయపడి ఎవరూ ముందుకు రాలేదు. కేరీ కూడా జ్వరంతోనే ఉన్నాడు. కని పెంచిన తల్లి ఆ పూట ఎలా ఉందో ఏ జీవిత చరిత్రలోనూ ఆమె మాటల్లో లేదు, ఆమెకు రాయడం రాదు గనుక. మరుసటి ఏడాదికి ఆమె మనసు చెదిరింది. ఆ తర్వాత పన్నెండేళ్ళు బ్రతికింది, 1807 డిసెంబరు 8న శ్రీరాంపూర్‌లో చనిపోయింది. కేరీ ఆమెను ఇంటినుండి పంపేయలేదు, ఆఖరివరకు దగ్గరే ఉంచుకున్నాడు. ఈ మాట కూడా చెప్పాలి, న్యాయం కోసం.

1800 డిసెంబరు 28 సంగతి మన ప్రసంగీకులకు ఎంతో ఇష్టం. కేరీ ఒక పక్క కొడుకు ఫీలిక్స్‌ను, ఇంకో పక్క వడ్రంగి కృష్ణపాల్‌ను తీసుకుని హుగ్లీ నదిలోకి దిగి బాప్తిస్మం ఇచ్చాడు. బెంగాలులో ఆ మిషన్‌కు తొలి ఫలం. నిజమే, ఆనందించాల్సిన దినమే. కానీ అదే గంటలో, ఆ నదికి నడిచి వెళ్ళే దారికి ఒక ప్రక్క గదిలో డోరతీని మూసి ఉంచారు, ఇంకో ప్రక్క జాన్ థామస్ మతి చలించి కేకలు వేస్తున్నాడు. తోటి మిషనరీ విలియం వార్డ్ ఇది ఉన్నదున్నట్టు రాసి పెట్టాడు. ఆయన దాచలేదు, మనమే దాచాం.

ఇక మన వాళ్ళు తెచ్చే వాక్యాల సంగతి. లూకా 14:26 తెస్తారు, తండ్రిని తల్లిని భార్యను పిల్లలను ద్వేషించకుంటే శిష్యుడు కానేరడని. ప్రభువును మించి ఎవరినీ ప్రేమించకూడదని దాని భావమని సండే స్కూలు టీచరు కూడా చెప్తుంది. అదే ప్రభువు సిలువ మీద వేలాడుతూ తల్లిని శిష్యుడికి అప్పగించాడు కదా! లోక రక్షణ జరుగుతున్న ఆ ఘడియలో కూడా అమ్మ రేపు ఎవరింట్లో అన్నం తింటుందో ఆయన మరచిపోలేదు. మార్కు 7వ అధ్యాయం తీసి చూడండి. తల్లిదండ్రులకు ఇవ్వాల్సిన దానిని "కొర్బాను" అని, దేవునికి అర్పితమైపోయిందని చెప్పి తప్పించుకునేవాళ్ళను ప్రభువు ఎంత కఠినంగా గద్దించాడో. భార్యకు, పసిపిల్లలకు ఇవ్వాల్సిన కాలాన్ని, కాపుదలను "సేవ" అనే పేరు పెట్టి తీసేసుకుంటే అది కూడా కొర్బానే.

అబ్రాహామును తెచ్చేవాళ్ళు కత్తి ఎత్తిన చేతిని దేవుడే ఆపాడన్న సంగతి దాటేస్తారు. హన్నా కథలో మ్రొక్కుకున్నది తల్లి, పాలు మాన్పించేవరకు వెళ్ళనన్నది తల్లి. భర్త ఎల్కానా నీకు తోచినట్టు చెయ్యి అన్నాడు, బలవంతపెట్టలేదు. మోషే ఐగుప్తుకు బయలుదేరినప్పుడు భార్యను, కొడుకులను గాడిద మీద ఎక్కించుకున్నాడని నిర్గమకాండం 4లో ఉంది. 18వ అధ్యాయానికి వస్తే వాళ్ళు పుట్టింట్లో ఉన్నారు. మామ యిత్రో వాళ్ళను వెంటబెట్టుకుని అరణ్యంలో మోషే గుడారానికి తీసుకొచ్చాడు. ఆ తర్వాతే, పొద్దున్నుంచి సాయంత్రం దాకా జనం వ్యాజ్యాలు నీవొక్కడివే మోయడం మంచిది కాదు, పెద్దలను పెట్టుకో అన్నాడు. ఆ మామగారిని మా ఊరి సంఘ పెద్దల్లో ఒకరిగా వేసుకోవాలని మాకు ఎన్నోసార్లు అనిపిస్తుంది.

1999 జనవరి 23న ఒడిశాలోని మనోహర్‌పూర్‌లో గ్రాహం స్టెయిన్స్‌ను, పదేళ్ళ ఫిలిప్‌ను, ఆరేళ్ళ తిమోతిని జీపులో నిద్రపోతుండగా కాల్చి చంపారు. అది తలచుకుని "ఆయన తన పిల్లలను బలిగా అర్పించాడు" అని మైకులో అనేవాళ్ళున్నారు. దయచేసి అలా అనకండి. సెలవులకు ఇంటికొచ్చిన పిల్లలను ఏ తండ్రయినా వెంట తీసుకెళ్తాడు, ఆయన కూడా అలాగే తీసుకెళ్ళాడు. వాళ్ళను చంపింది హంతకులు. తండ్రి అర్పించాడంటే హంతకుల పాపాన్ని బలిపీఠం మీద పెట్టి పరిశుద్ధం చేసినట్టవుతుంది. గ్లాడిస్ అమ్మగారు క్షమించారు. క్షమించాల్సిన అన్యాయం ఉంది గనుకనే క్షమించారు.

ఇదంతా రెండు వందల ఏళ్ళ నాటి దొరల సంగతి, మనకెందుకు అంటారేమో. మొదటిది, ఆ ఇంటి ఉప్పు మనమూ తిన్నాం. 1814లో కేరీ తెలుగు వ్యాకరణం శ్రీరాంపూర్‌లో అచ్చయింది, 1818లో తెలుగు క్రొత్త నిబంధన ఆ ముద్రణాలయం నుండే వచ్చింది. ఆ అక్షరాలు కూర్చిన ఇంట్లో డోరతీ ఏడ్పు ఉంది. ఆమెను వేదిక మీద నిలబెట్టి నవ్వే హక్కు తెలుగు క్రైస్తవులకు అందరికంటే తక్కువ.

రెండోది, ఇప్పుడు మన పల్లెల నుండి కూడా కుటుంబాలు బయలుదేరుతున్నాయి. నేపాలుకు, ఈశాన్య రాష్ట్రాలకు, ఆఫ్రికాకు. ఇందుకు దేవునికి స్తోత్రం. కానీ గమనించారా, మన ఊళ్ళో ఒకడు కువైట్‌కో దుబాయ్‌కో డ్రైవరు పనికి పోతానంటే వీధి అరుగు మీద కూర్చున్న ముసలాయన కూడా "పిల్లల్నెవరు చూస్తార్రా?" అని అడుగుతాడు. పెళ్ళాం ఏమంటుంది, అప్పు ఎంత, ఎన్నేళ్ళకు వస్తావు, అన్నీ అడుగుతారు. అదే మనిషి "దేవుడు నన్ను పిలిచాడు" అంటే ఒక్కరూ నోరెత్తరు. అడిగితే పరిశుద్ధాత్మను అడ్డుకున్నట్టవుతుందని భయం. ఆ భయం దేవునిది కాదు. తన ఇల్లు చక్కబెట్టుకోలేనివాడికి దేవుని సంఘాన్ని ఎలా అప్పగిస్తామని తిమోతికి రాసిన పౌలు ఆ అరుగు మీద ముసలాయన పక్షాన ఉన్నాడు.

కనుక పంపే సంఘాలను మేము అడుగుతున్నాం. ఆ చెల్లెమ్మను భర్త లేని చోట, సంఘంలో పెద్ద అమ్మలు ఇద్దరు ముగ్గురు కూర్చుని అడిగారా? వద్దంటే ఆమె పేరు ప్రార్థన అంశంగా చదవకుండా ఉండగలరా? పిల్లలకు జ్వరమొస్తే ఆసుపత్రి ఎంత దూరం, బడి ఏ భాషలో, డబ్బు ఎవరి చేతిలో ఉంటుంది? రెండేళ్ళకే తిరిగొస్తే "వెనుకకు తిరిగినవారు" అనకుండా గుమ్మంలో కాళ్ళకు నీళ్ళిస్తారా? ఆండ్రూ ఫుల్లర్ ఇండియాను లోతైన గనితో పోల్చాడని, కేరీ దిగుతాను మీరు తాళ్ళు పట్టుకోండి అన్నాడని ప్రసంగాల్లో చెప్తుంటారు. తాడు కేరీ నడుముకు కట్టారు, బాగుంది. డోరతీకి, ఆమె చంకలోని జాబెజ్‌కు ఏ తాడు కట్టారు?

ఇన్ని ప్రశ్నలు వేస్తే ఇంక ఎవరూ వెళ్ళరు అని ఒక సహోదరుడు మాతో వాదించాడు. చరిత్ర అలా చెప్పడం లేదు. 1799లో శ్రీరాంపూర్‌కు వచ్చిన గుంపులో గ్రాంట్ అనే ఆయన మూడు వారాలైనా గడవకముందే చనిపోయాడు, భార్యా ఇద్దరు పిల్లలూ మిగిలారు. ఆ దెబ్బతోనైనా వాళ్ళకు బుద్ధి వచ్చింది. కుటుంబాలన్నీ ఒకే బల్ల దగ్గర తిన్నారు, డబ్బు ఒకే సంచిలో వేశారు, ఒకరి ఇల్లు కూలితే ఇంకొకరు మోశారు. అదే గుంపులో హన్నా మార్ష్‌మన్ ఉంది. పిల్లలతో వచ్చింది. అదుపు తప్పి తిరుగుతున్న కేరీ కొడుకులను చూసి నొచ్చుకుంది, వాళ్ళను దారిలో పెట్టడంలో ఆమె చెయ్యి, వార్డ్ చెయ్యి ఉన్నాయి. వచ్చిన మరుసటి ఏడాదే బడి తెరిచింది, ఆ బడి ఆదాయం మిషన్‌ను పోషించింది. ఫీలిక్స్ తర్వాత బర్మాకు మిషనరీగా వెళ్ళాడు. 1814లో ఐరావతి నదిలో పడవ మునిగి అతని భార్యా పిల్లలూ పోయారు. శోకంతో చెదిరిపోయి తిరిగి తిరిగి, చివరికి వచ్చి చేరింది ఆ శ్రీరాంపూర్ గుమ్మానికే. హన్నా అమ్మగారు 1847 వరకు బ్రతికి, ఆ ఊళ్ళోనే కన్నుమూశారు.