పూర్వుల ఊరికి దారి

మారిషస్ ద్వీపమున స్థిరపడిన తెలుగువారి సంతతివారు తమ తాతముత్తాతల నేలను చూడగోరి అప్పుడప్పుడు మన తీరమునకు వచ్చుచున్నారు. విశాఖపట్టణమున దిగి, కారు అద్దెకు తీసికొని, వారము దినములలో గోదావరి మొదలు ఇచ్ఛాపురము వరకు చుట్టివచ్చుటకు పథకము వేసికొందురు. అన్నవరము, సింహాచలము, అరకు చూచి మరలిపోవుదురు. పెక్కుమందికి తమ ఊరు మాత్రము దొరకదు. లోపము వారి శ్రద్ధలో లేదు. ప్రయాణమును పటముతో ప్రారంభించుటలో నున్నదని మాకు తోచుచున్నది. పూర్వుల ఊరికి పోవు దారి మొదట కాగితములలో నున్నది.

1834 మొదలు 1920 వరకు ఒడంబడిక కూలీలుగా ఇంచుమించు ఐదులక్షల మంది పోర్టులూయిస్ రేవున దిగిరి. కొందరు అక్కడినుండి ఇతర దేశములకు పోగా, తక్కినవారిలో పెక్కుమంది చెరకుతోటలలో నిలిచిపోయిరి. వారిలో తెలుగువారిని ‘కోరింగీ’ లనిరి. అది కాకినాడ చెంతనున్న మన కోరంగి రేవు పేరే. 1839 నాటి ఉప్పెన ఆ రేవును పాడుచేసినది. నేడక్కడ మడ అడవులు ప్రసిద్ధములు.

దిగిన ప్రతి కూలికిని ఒక సంఖ్య నిచ్చి, పేరు, తండ్రిపేరు, వయస్సు, కులము, జిల్లా, గ్రామము పుస్తకములకెక్కించిరి. అవి మోకా పట్టణమందలి మహాత్మాగాంధీ సంస్థలో భద్రముగా నున్నవి. ప్రయాణము తలపెట్టినవారు కారు కుదుర్చుకొనుటకు ముందు ఆ సంఖ్యను సంపాదింపవలెను.

అంతటితో చిక్కు తీరదు. మన పల్లెవాని నోట వెలువడిన పేరును పరభాషీయుడైన గుమాస్తా తన చెవికి వినబడినట్లు ఆంగ్లాక్షరములలో వ్రాసెను. ళకారము లకారమైనది, టకార తకారములు కలిసిపోయినవి. ఆ వ్రాతను కంటితో చదివినచో ఊరు దొరకదు. బిగ్గరగా చదివి, తెలుగు చెవితో వినవలెను. ఇది పటము చేయగల పని కాదు. ఆ సీమ ఊళ్ళపేర్లు ఎరిగినవాడు చేయగల పని. పైగా వలసపోయినవాని పేరే తరువాతి తరములకు వంశనామమై, అసలు ఇంటిపేరు మరుగున పడినది. అప్పడు, సింహాద్రి అనునవి నేడక్కడ ఇంటిపేర్లు! అయినను ఆ పేర్లే ఒక ఆనవాలు. సింహాద్రి అప్పన్న పేరు బిడ్డలకు పెట్టుకొను సీమ ఏదో మనకు తెలియును గదా.

జిల్లా పేరు చూచియు తొందరపడరాదు. ‘రాజమహేంద్రవరము జిల్లా’ 1859లో గోదావరి జిల్లా యైనది. ‘గంజాం’ అని యున్నచో ఆ ఊరు నేడు ఒడిశాలోనైనను, శ్రీకాకుళము జిల్లాలోనైనను ఉండవచ్చును. 1936లో నడుమ గీత పడినది. శ్రీకాకుళము జిల్లా 1950లోను, విజయనగరము జిల్లా 1979లోను ఏర్పడినవి. 2022లో మరల ఎన్నో విడివడినవి. ఇక ఒకే పేరుగల ఊళ్ళకు లెక్కలేదు. ఉత్తరాంధ్రమున ఊరిపేరు చివర ‘వలస’ యను మాట తరచు వినబడును: ఆమదాలవలస, కొత్తవలస. ఎన్నడో వలసవచ్చినవారు కట్టుకొన్న ఊళ్ళు గాబోలు. అట్టి ఊళ్ళనుండి మరల వలసపోయినవారి కథ యిది.

ఊరు తేలిన పిమ్మటనే మార్గనిర్ణయము. కాకినాడనుండి యానాం పోవు బాటలో కోరంగి, విశాఖనుండి సముద్రపుటొడ్డు బాటన భీమునిపట్టణము, ఆపై వంశధార కడలిలో కలియుచోట కళింగపట్టణము చూడదగినవి. జాతీయ రహదారి త్వరగా గొనిపోవును గాని, రేవునకు నడచిపోయిన కూలి చూచినది దానిని కాదు. ఆశ్వయుజ కార్తికములు తుఫానుల కాలము, వేసవి దుర్భరము. సంక్రాంతికి వచ్చినచో పట్టణములకు పోయిన వారందరును ఊరిలో నుందురు, వృద్ధులు అరుగులపై దొరకుదురు. అయితే బస, బండి ముందుగా కుదుర్చుకొనవలెను. ఊరికి గంట చాలదు, పూర్తిగా ఒక దినము కావలెను.

మారిషస్‌లోని భారతసంతతివారికి ఏడవ తరము వరకు విదేశీ భారత పౌరుల కార్డు నొసంగు ప్రత్యేకపు ఏర్పాటు 2024లో ప్రకటింపబడినది. ఈ రాకపోకలు ఇక పెరుగవచ్చును. అందుకు మన ఊళ్ళు సిద్ధముగా నున్నవా?

పొలిమేరలో క్రొత్త కారు ఆగగానే ‘ఆస్తికై వచ్చినాడేమో’ యను శంక పుట్టుట సహజము. పొలములో పాలు అడుగవచ్చిన దూరపు దాయాదులను మనవారు చాలమందిని చూచిరి. కావున వచ్చినవాడు మొదట బడికి పోవుట మేలు. ఉపాధ్యాయులారా, అతడు మీ యొద్దకే వచ్చును. మీ ఊరి శివారుల పేర్లు, పాడుపడిన పేటల పేర్లు, ఏ కుటుంబమున ఎవరు ఓడనెక్కి తిరిగిరాలేదని చెప్పుకొందురో ఆ మాటలు, ఎనుబదియేండ్లవారి నోట మాత్రమే మిగిలియున్నవి. పై తరగతుల విద్యార్థులచే ఒక నోటుపుస్తకమున వ్రాయింపుడు. నాలుగు ఆదివారములు చాలును. పేరు విన్నది విన్నట్లు వ్రాయవలెను. ఊరివారు ‘పేట’ యనినదానిని ‘పురము’ అని సంస్కరింపరాదు. దిద్దిన పేరు ఆ పాత పుస్తకములోని పేరుతో కలియదు.