ఆకాశము కంఠపాఠము కాదు

కొన్ని సంవత్సరముల క్రిందట ఒక ఉగాది సాయంకాలమున మా సంఘ భవనములో బాలబాలికల పోటీలు జరిగెను. ఏడేండ్ల బాలిక యొకతె వేదిక నెక్కి, ఎనిమిది గ్రహముల పేర్లను వరుస తప్పక చెప్పి, చంద్రుడు భూమికి సుమారు 3,84,000 కిలోమీటర్ల దూరమున నున్నాడని తడుముకొనక పలికెను. సభ చప్పట్లతో మారుమ్రోగెను. బహుమతి నీయ నిలిచిన మేము ముచ్చటపడి, “ఆ చంద్రుడు ఇప్పుడెక్కడ నున్నాడమ్మా?” అని యడిగితిమి. బాలిక కిటికీ వంక చూచెను, తల్లి వంక చూచెను, తల వంచుకొనెను. తల్లియు చెప్పలేకపోయెను. ముందు వరుసలోని పెద్దలును చెప్పలేకపోయిరి. నిజము దాచనేల? అడిగిన మాకును ఆ క్షణమున జవాబు తెలియదు.

ఆనాటి ఉదయమే ఆ వేదికపైననే పంచాంగ శ్రవణము జరిగినది. చైత్ర శుద్ధ పాడ్యమి యని చదువగా అందరమును చేతులు జోడించి వింటిమి. పాడ్యమి యనగా అమావాస్యకు మరునాడు. ఆనాడు చంద్రుడు సూర్యుని చెంతనే యుండి, సూర్యుని వెంటనే యస్తమించును. కంటికి కనబడుట మిక్కిలి యరుదు. మేమడిగిన ప్రశ్నకు జవాబు తిథి పేరులోనే యున్నది. తిథిని విన్నవారము, దూరమును వల్లించినవారము, ఒక్కరమును ఆకాశమును చూడలేదు. ఆ దినమున ఓడినది బాలిక కాదు, మనము.

ఈ వ్యాసమున మేము చెప్పదలచిన మాట యొక్కటే. పసిపిల్లలకు ఖగోళమును, ప్రకృతి శాస్త్రమును నోటితో వల్లింపజేయుట విద్య కాదు. చేతితో చేయించి, కంటితో చూపించి, తమ మాటలలో తామే చెప్పునట్లు చేయుటయే విద్య. ఆ పనిని బడులకు వదలి యూరకుండక, మన సంఘములే తెలుగులో చేయవలెను. ఇది శాస్త్రమునకు సంబంధించిన మాట మాత్రమే కాదు. మన భాష బ్రతుకుటకు సంబంధించిన మాట.

ఏలయన, పరరాష్ట్రములలో తరతరములుగా స్థిరపడిన మన యిండ్లలో తెలుగు స్థితి ఏమి? పిల్లలు బడిలో కన్నడమునో, తమిళమునో, ఒడియానో, మరాఠీనో, ఇంగ్లీషునో చదువుచున్నారు. తెలుగు వంటయింటికిని, పూజగదికిని, సంఘ భవనమున రెండు పద్యములకును పరిమితమైనది. జ్ఞానమంతయు వేరొక భాషలో వచ్చును. తెలుగులో వచ్చునది పండుగ మాత్రమే. పద్యమును మేము తక్కువ చేయుట లేదు. పద్యము మన ప్రాణము. కాని బిడ్డ ఏ భాషలో “ఎందుకు?” అని యడుగుట మానునో, ఆ భాషలో మాటాడుటయు కొన్నాళ్లకు మానును. పండుగభాష పటమునకు వ్రేలాడదీసిన పూలదండ వంటిది: గౌరవమున్నది గాని వేరు లేదు.

ఇక బడుల సంగతి. తన చుట్టు తాను తిరుగుట భ్రమణము, సూర్యుని చుట్టు తిరుగుట పరిభ్రమణము అని నిర్వచనములు వ్రాయింతురు. పుస్తకములో భూమిని, చంద్రుని ఒకే పుటలో ప్రక్కప్రక్కన వేయుదురు. పిల్లవాడు చంద్రుడు ప్రక్కింటి దూరమున నున్నాడనుకొనును. 3,84,000 అను అంకె వాని నోటనే యుండును గాని మనస్సున నాటదు. వాని చేతికొక నిమ్మకాయను, ఒక పెద్ద శనగగింజను ఇచ్చి చూడుడు. నాలుగు సెంటీమీటర్ల నిమ్మకాయ భూమి యనుకొన్నచో, చంద్రుడు ఒక సెంటీమీటరు గింజ. రెంటిని ఎంత యెడముగా పెట్టవలెనని యడిగినచో పిల్లలందరును జానెడు దూరమున పెట్టుదురు, పెద్దలును అంతే. సరియైన యెడము ముప్పది నిమ్మకాయల వరుస, అనగా 120 సెంటీమీటర్లు. అదే లెక్కన సూర్యుడు నాలుగు మీటర్లకు పైబడిన గోళమై, దాదాపు 470 మీటర్ల అవతల వీధి చివర నిలుచును. ఈ యాట నొక్కమారు ఆడిన బిడ్డ ఆ దూరమును ఇక మరచునా?

చంద్రకళల నెన్ని వాక్యములతో చెప్పినను పసివానికి తెలియవు. చీకటి గదిలో నొక్క దీపము నుంచి, బిడ్డచేత ఒక బంతిని చేయి చాచి తలకు కొంచెము పైగా పట్టించుడు. దీపము సూర్యుడు, బంతి చంద్రుడు, బిడ్డ తలయే భూమి. దీపమున కెదురుగా నిలిచినప్పుడు బంతి చీకటిగా నుండును: అది అమావాస్య. మెల్లగా ఎడమవైపునకు తిరుగ తిరుగ వెలుగు సన్నని వంకయై, సగమై, దీపమునకు వెన్నుచూపు వేళకు నిండు బింబమగును: అది పున్నమి. తరువాత నెలదినములు ప్రతి రాత్రి బిడ్డను మేడమీదికి తీసికొనిపోయి, కనబడిన చంద్రుని బొమ్మ గీయించి, ప్రక్కన తిథి వ్రాయింపుడు. సూర్యచంద్రుల నడుమ ఎడము పన్నెండు డిగ్రీలు పెరిగిన నొక తిథి. అట్టివి ముప్పది యైన నొక చుట్టు. గోడమీది పంచాంగము అప్పుడు జాతకమునకే కాక, ఆకాశమునకును తాళపుచెవి యగును.

“మనవారు చంద్రునిపై దిగినారు, మన శ్రీహరికోట నుండి ఎగిరినారు” అని గర్వించు పెద్దలకొక మనవి. 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 చంద్రుని దక్షిణ ధ్రువప్రాంతపు చేరువలో దిగెను. ఆ సాయంకాలము మన భవనములలో తెరలు కట్టి చూచితిమి, మిఠాయిలు పంచితిమి. శుద్ధ సప్తమి గనుక మబ్బు లేని చోట్ల దాదాపు సగము చంద్రుడు దక్షిణాకాశమున వెలుగుచునే యుండెను. ఎందరము బిడ్డ చేయి పట్టుకొని వెలుపలికి వచ్చి, “అదిగో, అచ్చటనే!” అని చూపితిమి? ఆనాడే దిగుట కొక కారణమున్నది. ఆ దిగుయంత్రము ఎండతో పనిచేయును. దిగినచోట అప్పుడే ప్రొద్దు పొడిచినది. అక్కడి పగలు మనకు సుమారు పదునాలుగు దినములు. దీపము, బంతి ఆట నాడిన బిడ్డ ఈ మాటను ఇట్టే గ్రహించును. గర్వము విద్యకు ప్రారంభమైన మేలే. విద్యకు బదులైన కీడు.

ఇప్పుడు మన సంఘములకు మాత్రమే సాధ్యమగు నొక ప్రయోగమును విన్నవింతుము. మనము చెదరి యున్నామని ప్రతి మహాసభలో విచారించుచున్నాము. ఆ చెదరి యుండుటయే మనకొక పరికరము!

మన జ్యోతిష గ్రంథములలో శంకువు అను పేర ప్రసిద్ధమైన నిలువు కర్ర యొకటి కలదు. మీటరు పొడవు గల కర్రను భవనపు ముంగిట నిటారుగా నాటుడు. పదకొండున్నర మొదలు ఒంటిగంటంబావు వరకు చాలును. ఐదేసి నిమిషములకు నీడకొనను పిల్లలచేత సుద్దతో గుర్తు పెట్టింపుడు. అన్నిటికంటె పొట్టి నీడ పడిన క్షణమే ఆ యూరి నిజమైన నడిపొద్దు. మార్చి 21 ప్రాంతమున, పగలు రాత్రి సమమగు విషువదినమున, ఆ నీడ బెంగళూరులోను, చెన్నపట్టణములోను సుమారు 23 సెంటీమీటర్లు, యానాములో 30, షోలాపురమున 32, బొంబాయిలోను, బరంపురమునందును సుమారు 35. ఒకే దినము, ఒకే కొలత కర్ర, ఒకే సూర్యుడు, నీడలు వేరు! భూమి బల్లపరుపుగా నున్నచో, అంత దూరపు సూర్యుని క్రింద నీడలన్నియు సమముగా నుండవలెను. భూమి గుండ్రమని చెప్పుట కిక గురువేల?

చిన్నవారికి ఇంతవరకు చాలును. పదేండ్లు దాటినవారు ఆ కర్రను, నీడను కాగితముపై చిన్నదిగా గీసి, కోణమానినితో సూర్యకోణమును కొలువవచ్చును. బెంగళూరు కోణము సుమారు 13 డిగ్రీలు, బరంపురము కోణము 19 డిగ్రీలకు కొంచెము ఎక్కువ, భేదము ఆరుంబావు. రెండూళ్ల అక్షాంశముల నడుమ ఉత్తర దక్షిణముగా దూరము సుమారు 700 కిలోమీటర్లు. ఆరుంబావు డిగ్రీలకు 700 అయినచో 360 డిగ్రీలకెంత? దాదాపు 40,000 కిలోమీటర్లు: అదియే భూపరిధి. క్రీస్తుకు పూర్వము మూడవ శతాబ్దిలో ఎరతోస్తనీస్ అలెగ్జాండ్రియా నీడతో చేసిన పని ఇదియే. నీడ కొలుచుటలో ఒక్క సెంటీమీటరు తప్పినచో ఫలితమున నూటికి ఎనిమిది వంతులకు పైగా దోషము వచ్చును. అదియు పాఠమే: శ్రద్ధ లేని చేతికి భూమి లొంగదు.

మరియొక వింత. బరంపురమున నడిపొద్దు బెంగళూరుకంటె దాదాపు అరగంట ముందు వచ్చును. గడియారము దేశమంతటికిని ఒకటియే. సూర్యుడు ఒక్కొక్క యూరికి ఒక్కొక్క వేళ నెత్తిమీదికి వచ్చును. ఆ పిల్లలు ఈ పిల్లలకు ఫోను చేసి, “మా నీడ అప్పుడే పెరుగుచున్నది, మీది ఇంకను తగ్గుచున్నదా?” అని యడుగు దినమున, ఆ ప్రశ్న ఏ భాషలో నుండును? ఒక బిడ్డకు ఒడియా వచ్చును, మరియొక బిడ్డకు కన్నడము వచ్చును. ఇరువురికిని కలిసిన భాష తెలుగే. తెలుగు అవసరమై మాటాడిన ఆ ఐదు నిమిషములు ఏడాది పొడుగు భాషాభిమాన ప్రసంగములకంటె మేలు.

ఆక్షేపణలు మాకు తెలియనివి కావు. “శాస్త్రమునకు ఇంగ్లీషే తగును; తెలుగులో మాటలెక్కడివి?” అందురు. నీడ, ఎండ, వెలుగు, ఎడము, చుట్టు, నడిపొద్దు: ఈ మాటలతో పైప్రయోగములన్నియు చెప్పితిమి గదా! పారిభాషిక పదము తరువాత రావచ్చును, ఏ భాషలోనైనను రావచ్చును. భావము ముందు ఇంటిమాటలో కుదురుకొనవలెను. “మా పిల్లలకు తెలుగు చదువనే రాదు” అందురు. కర్ర నాటుటకు లిపి యేల? తమిళము కలిసిన తెలుగు, కన్నడము కలిసిన తెలుగు మాటాడు బిడ్డ పద్యపఠన పోటీలో సిగ్గుతో వెనుక వరుసకు పోవుచున్నాడు. నీడ కొలుచునప్పుడు వాని యాసను ఎవడు లెక్కించును? షోలాపురపు మగ్గపు టిండ్లలో పోగుల లెక్క తప్పని తాతలున్నారు. చేతితో ఆలోచించుట మనవారికి క్రొత్త విద్య కాదు.

“ఇది సంస్కృతి సంఘము, పాఠశాల కాదు” అందురు. ఒడిశాలోని ఖండపడాలో 1835లో జన్మించిన పఠాణి సామంత చంద్రశేఖరుడు దూరదర్శిని లేకయే, వెదురుతోను, కొయ్యతోను తానే చేసికొన్న యంత్రములతో గ్రహముల నడకలను కొలిచి సిద్ధాంత దర్పణమును రచించెను. అది 1899లో అచ్చయ్యెను. ఆయన పని సంస్కృతి కాదా? ఆ నేల మీదనే మన బరంపురము వారు బ్రతుకుచున్నారు. “ఇట్టి బోధన సాగదు” అందురు. మధ్యప్రదేశమున హోషంగాబాదు జిల్లాలో 1972లో పదునారు బడులతో మొదలైన విజ్ఞాన బోధన కార్యక్రమము, పల్లెపిల్లలచేత హిందీలో ప్రయోగములు చేయించుచు, వందల బడులకు వ్యాపించి ముప్పది సంవత్సరములు నడచెను. 2002లో దానిని నిలిపివేసినది ప్రభుత్వపు ఉత్తర్వు గాని పిల్లల అశక్తత కాదు.

రాజ్యాంగపు 350ఏ అధికరణము, 1956 నాటి ఏడవ సవరణతో, అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు వసతులు కల్పింప ప్రతి రాష్ట్రమును యత్నింపవలెనని చెప్పుచున్నది. ఆ హక్కుకై మనము అర్జీలు పెట్టుచునే యుండవలెను. కాని ముంగిట నొక కర్రను నాటుటకు ఏ ప్రభుత్వపు ఉత్తర్వు కావలెను? మన చేతిలో నున్న పనిని చేయక, పరుల చేతిలోని దానికై వాపోవుట మనకు పరిపాటియైనది.

కావున మా విన్నపము. రాబోవు ఉగాదినాడు మధ్యాహ్న భోజనములకు ముందు, ప్రతి సంఘ భవనపు ముంగిటను మీటరు కర్ర యొకటి నాటుడు. 2023లో ఉగాది మార్చి 22న, విషువమునకు మరునాడే వచ్చినది. ఏప్రిలులో వచ్చిన సంవత్సరమున నీడలు మారినను, రెండూళ్ల కోణభేదము మారదు. సూర్యుని వంక నేరుగా చూడరాదని పిల్లలకు ముందే గట్టిగా చెప్పుడు. చూడవలసినది నీడను మాత్రమే. ఊరూరి నీడ కొలతలను వ్రాసి ఒకరికొకరు పంపుకొనుడు. కంఠపాఠపు బహుమతి నొకదానిని తగ్గించి, మంచి ప్రశ్న నడిగిన బిడ్డకు ఆ బహుమతి నీయుడు.

ఆ యేడేండ్ల బాలిక నేడు పెద్దదైనది. ఆమెకు మేమొక జవాబు బాకీపడి యున్నాము. ఆ బాకీని ఆమె తమ్ములకు, చెల్లెండ్రకు తీర్చెదము గాక. చంద్రుడెక్కడ నున్నాడని ఇక నెవరైన నడిగినచో, మన పిల్లలు తల వంచుకొనక, తల యెత్తి, వ్రేలు చాచి, తెలుగులో చెప్పుదురు గాక!