వాల్వు చెడిపోయి ఎన్నాళ్లయింది?

చాలా పెట్రోలు డిపోల్లో గేటు దాటగానే ఒక బోర్డు కనిపిస్తుంది. ప్రమాదం లేకుండా ఇన్ని రోజులు గడిచాయని అందులో ఒక అంకె. మార్చి 4న భద్రతా దినోత్సవం నాడు దాని పక్కనే నిలబడి ప్రతిజ్ఞ చేస్తారు, బ్యాడ్జీలు పెట్టుకుంటారు, వ్యాసరచనలో గెలిచినవాళ్లకు బహుమతులు పంచుతారు. తప్పు పట్టాల్సిందేమీ లేదు. కాకపోతే నిన్నటిదాకా ఏమీ జరగలేదని మాత్రమే ఆ అంకె చెబుతుంది. లోపల ఏ వాల్వు ఎన్నాళ్లుగా పనిచేయడం లేదో దానికి తెలియదు.

జైపూర్ దగ్గరి సీతాపురలో తేలింది సరిగ్గా ఇదే. 2009 అక్టోబర్ 29 సాయంత్రం ఇండియన్ ఆయిల్ టర్మినల్ నుంచి పొరుగునే ఉన్న భారత్ పెట్రోలియం టర్మినల్‌కు పెట్రోలు పంపడానికి లైను సిద్ధం చేస్తున్నారు. ఆ లైనులో హ్యామర్ బ్లైండ్ అనే వాల్వు ఉంది. దాని స్థితి మార్చాలంటే విప్పాలి, విప్పినంతసేపూ లైను బయటి గాలికి తెరుచుకునే ఉంటుంది. అందుకే ట్యాంకు దగ్గరి వాల్వు ముందుగా మూసి ఉండాలి. ఆ సాయంత్రం రెండూ ఒకేసారి తెరుచుకుని ఉన్నాయి. పెట్రోలు ఎగజిమ్మింది. అక్కడున్న ఆపరేటర్ ఆవిరికి ఉక్కిరిబిక్కిరై పడిపోయాడు. ఆదుకోబోయినవాళ్లకూ ఊపిరాడలేదు. దగ్గరికి పోయి వాల్వు మూయగలిగినవాళ్లు ఇక లేరు. గంటకు పైగా, దాదాపు వెయ్యి టన్నుల పెట్రోలు కారి, గాలి ఆడని ఆ సాయంత్రం ఆవిరి ఆవరణ అంతా కమ్ముకుని, ఏడున్నర ప్రాంతంలో పేలింది. విచారణ కమిటీ లెక్క ప్రకారం 11 మంది చనిపోయారు. మంటలు చల్లారడానికి 11 రోజులు పట్టింది.

హిందుస్థాన్ పెట్రోలియం మాజీ అధిపతి ఎం.బి. లాల్ నాయకత్వంలోని ఆ కమిటీ బయటపెట్టిన వాటిలో ఒకటి మరీ కలవరపెడుతుంది. ట్యాంకు దగ్గరికి పోకుండానే, కంట్రోల్ రూము నుంచి బటన్ నొక్కి ఆ వాల్వును మూసే ఏర్పాటు మొదట్లో ఉండేది. 2003 నుంచి అది పనిచేయడం లేదు. ఆరేళ్లు! ఆ ఆరేళ్లలో ఎందరు ఆపరేటర్లు ఆ గదిలో కూర్చుని లేచారో, ఎందరు అధికారులు బదిలీపై వచ్చి వెళ్లారో. ఆ టర్మినల్‌కు తగ్గట్టు రాసిపెట్టిన పని విధానమూ లేదని కమిటీ చెప్పింది. అన్నాళ్లూ గేటు దగ్గర బోర్డు పెట్టి ఉంటే అంకె మాత్రం రోజుకొకటి చొప్పున పెరుగుతూనే పోయేది.

ఇది మన దేశపు అలసత్వం అని పెదవి విరిచేసేవాళ్లు బన్స్‌ఫీల్డ్ కథ చూడాలి. లండన్‌కు ఉత్తరాన ఉన్న ఆ డిపోలో 2005 డిసెంబర్ 11, ఆదివారం తెల్లవారుజాము మూడింటికి 912వ నంబరు ట్యాంకు గేజు ఒకచోట ఆగిపోయింది. తెరమీద మట్టం కదలడం లేదు, ట్యాంకులో మాత్రం పెట్రోలు పెరుగుతూనే ఉంది. గేజు మీద ఆధారపడిన అలారం మోగే ప్రశ్నే లేదు. దానికి సంబంధం లేకుండా విడిగా పనిచేయాల్సిన మరో స్విచ్ ఉంది. దాని లివర్‌కు చిన్న తాళం వేసి ఉంచితేనే అది పనిచేస్తుంది. ఎవరూ ముట్టుకోకుండా పెట్టిన తాళమేమో అనుకుని దాన్ని బిగించనే లేదు. అయిదున్నర దాటాక ట్యాంకు పొంగిపొర్లింది, ఆరు గంటల ఒక నిమిషానికి పేలింది. సెలవు రోజు, తెల్లవారని వేళ కాబట్టి ఎవరూ చనిపోలేదు. 43 మంది గాయపడ్డారు. ఇక్కడ అసలు సంగతి వేరే ఉంది. అంతకుముందు మూడున్నర నెలల్లో ఆ గేజు 14 సార్లు అలాగే ఆగిపోయింది. ప్రతిసారీ ఏదో సర్దుబాటు చేసి నడిపించారు.

‘ఎప్పుడూ అంతే లెండి, ఒకసారి కదిపితే సరిపోతుంది’ అనే మాట ఏ కంట్రోల్ రూములో మామూలైపోతుందో అక్కడి భద్రతా సంస్కృతిని కొలవడానికి వేరే సర్వే అక్కర్లేదు. అయినా సర్వేలే చేస్తారు. ‘మా సంస్థ భద్రతకే పెద్దపీట వేస్తుంది: అవును / కాదు’ అని కాగితం ఇస్తే, పై అధికారి చూస్తాడని తెలిసిన ఏ ఉద్యోగి కాదని టిక్కు పెడతాడు? ట్యాంకర్ డ్రైవర్‌కూ, కాంట్రాక్టు హెల్పర్‌కూ ఆ కాగితం చేరదు కూడా.

కొలిచే దారి ఇంతకంటే సులువైనది ఉంది. మెయింటెనెన్స్ రిజిస్టరు తెరిచి, చెడిపోయిందని రాసిన తేదీకీ బాగుచేసిన తేదీకీ మధ్య ఎన్ని రోజులున్నాయో చూడాలి. తాత్కాలికమని బైపాస్ చేసిన అలారాలు ఎన్ని, ఎవరి సంతకంతో, ఎంతకాలంగా అన్నది అడగాలి. రాత్రి రెండింటికి చెప్పాపెట్టకుండా వెళ్లి చూడాలి. త్రుటిలో తప్పిన ప్రమాదాల నివేదికలు ఏడాదికి సున్నా అని చూపించే డిపోను మెచ్చుకోవడం కాదు, అనుమానించాలి. రోజుకు వందల లారీలు నిండే చోట ఒక్క గొట్టమూ జారలేదా, ఒక్క చుక్కా ఒలకలేదా? నివేదికలు పెరగడం మొదలైతే జనం భయం లేకుండా నోరు విప్పుతున్నారని అర్థం.

అమెరికాలో ఈ పాఠం చాలా ఖరీదుగా నేర్చుకున్నారు. 2005 మార్చి 23న టెక్సస్ సిటీలోని బీపీ రిఫైనరీలో పేలుడుకు 15 మంది బలయ్యారు. మాజీ విదేశాంగ మంత్రి జేమ్స్ బేకర్ అధ్యక్షతన ఏర్పడిన బృందం 2007లో ఏం తేల్చిందంటే, కాలు జారడం, వేలు నలగడం లాంటి గాయాలు తగ్గుతున్నాయి కాబట్టి ప్లాంటు కూడా భద్రంగానే ఉందని కంపెనీ పొరబడింది. హెల్మెట్ పెట్టుకున్నారా లేదా అన్నది అందరికీ కనిపిస్తుంది. పైపు లోపలి తుప్పు కనిపించదు.

ఇక విశాఖ. 1997 సెప్టెంబర్ 14న హిందుస్థాన్ పెట్రోలియం (హెచ్‌పీసీఎల్) రిఫైనరీలో గ్యాస్ లీకై, పేలి, సుమారు 60 మంది ప్రాణాలు పోయిన ఊరు అది. 2020 మే 7న అదే నగరంలో ఎల్‌జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి ఇళ్లలోకి వచ్చింది. అది ఇంధనం కాకపోయినా, జరిగింది నిల్వ ట్యాంకులోనే. ఆ ట్యాంకులో ఉష్ణోగ్రత చూసే ఏర్పాటు అడుగున మాత్రమే ఉంది, వేడెక్కింది పైభాగం. ఆవరణలో 36 చోట్ల నుంచి సైరన్ మోగించే వీలున్నా ఎవరూ మోగించలేదని ప్రభుత్వ ఉన్నత స్థాయి కమిటీ చెప్పింది. ఆ 36 చోట్లలో ఏ ఒక్కటీ చెడిపోయి ఉండనక్కర్లేదు. పై అధికారిని అడగకుండా సైరన్ నొక్కితే తిట్లు పడతాయన్న భయం చాలు. అది ఉన్నచోట ఎన్ని పరికరాలు కొన్నా దండగే. పని ఆపమన్న హెల్పర్‌ను, ఆ హెచ్చరిక అనవసరమని తర్వాత తేలినా సరే, మర్నాడు పదిమంది ముందు మెచ్చుకునే మేనేజరు ఒక్కడుంటే షిఫ్టు తీరే మారుతుంది.

బయటివాళ్లకూ ఇందులో పాత్ర ఉంది. ప్రమాదకర రసాయనాలపై 1989 నాటి కేంద్ర నిబంధనలు, ప్రమాదం జరిగితే ఏం చేయాలో చుట్టుపక్కల జనానికి ముందే తెలియజేయాలంటున్నాయి. 1996 నిబంధనల ప్రకారం కలెక్టర్ అధ్యక్షతన జిల్లా సంక్షోభ బృందం ఉండాలి. ఆ సమావేశాల్లో మాక్‌డ్రిల్ ఫొటోలు చూసి లేచిపోవడం కాకుండా, పెండింగ్‌లో ఉన్న మరమ్మతుల జాబితాను తేదీలతో సహా బల్లమీద పెట్టమని కలెక్టర్ అడగొచ్చు. విశాఖలోని మల్కాపురంలోనో శ్రీహరిపురంలోనో రిఫైనరీ గోడ పక్కన కాపురం ఉంటున్నవాళ్ల చేతికి ఆ జాబితా తెలుగులో అందాలి.