మొదటి దారి గేరి నుంచే పడాలి

ఆదోనిలో తెల్లారకముందే రోడ్డు మీదికొచ్చేది కార్లు కాదు, కాళ్లు. మార్కెట్ యార్డుకు పోయే హమాలీలు, జిన్నింగు మిల్లులకు పోయే ఆడకూలీలు, చీపురు పట్టిన మునిసిపల్ కార్మికులు, గంప నెత్తికెత్తుకున్న అక్కలు. ఎమ్మిగనూరులో మగ్గం పనికి, బేల్దారి పనికి సైకిలెక్కి పోయేటోళ్లు. వీళ్లెవరు? మాదిగలు, మాలలు, బోయలు, కురువలు, చేనేత కులాలోళ్లు, పేద ముస్లిములు. ఊరిని మోసేది వీళ్లే. ఊరి రోడ్డు మీద చోటు లేనిదీ వీళ్లకే.

రోడ్డు వెడల్పు చేస్తారు. ఎవరి కోసం? లారీ కోసం, కారు కోసం. మిగిలిన అంచున కరెంటు స్తంభం, మూత లేని మురికికాలువ, నిలబెట్టిన మోటారు బండ్లు. నడిచే మనిషి లారీ చక్రం పక్కనే నడవాలి. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోతే, వాళ్లలో 32,825 మంది నడిచిపోతున్నవాళ్లే. ఇది కేంద్ర ప్రభుత్వం చెప్పిన లెక్క. ఒకడికి రోడ్డంతా ఇచ్చి, ఇంకొకడికి కాలువ గట్టు ఇచ్చినాక జరిగే చావును 'ప్రమాదం' అని ఎట్లా అంటారు?

దారి మనకెప్పుడూ ఊరికే రాలేదు. 1924లో తిరువాన్కూరు సంస్థానంలోని వైకోంలో, గుడి చుట్టూ ఉన్న రోడ్ల మీద నడిచే హక్కు కోసమే సత్యాగ్రహం చేయాల్సి వచ్చింది. 1925లో రాజీ చేసి మూడు దిక్కుల రోడ్లు తెరిచినారు, తూర్పు రోడ్డు మాత్రం మూసే పెట్టినారు. అందుకే రాజ్యాంగం 15వ అధికరణంలో బావులు, చెరువులతో పాటు రోడ్ల పేరు కూడా రాయాల్సి వచ్చింది. సీమ పల్లెల్లో పెద్దిండ్ల ముందర సైకిలు దిగి, చెప్పులు చేతబట్టి నడిచిన తాతలు మనకున్నారు. అట్రాసిటీ చట్టానికి 2015లో చేసిన సవరణ, దళితుణ్ణి సైకిలు ఎక్కనీయకపోవడం నేరమని విడిగా రాసింది. సైకిలు మనకు కసరత్తు కాదు, తలెత్తుకు తిరగడం.

2023 అక్టోబరు 1న హైదరాబాదు ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాకు తెరిచినారు. పైన సోలార్ పలకల కప్పు. కసరత్తుకు తొక్కేవాడికి నీడ దొరికింది, మంచిదే. తాపీ పట్టుకొని పనికి పోయేవాడికి ఏ ఊళ్లో ఎంత దారి వేసినారు? 2019కి ముందు 'బడికొస్తా' అని ఆడపిల్లలకు సైకిళ్లు పంచినారు. తొక్కను దారి పంచినారా?

అడిగితే మూడు మాటలు చెప్తారు. డబ్బుల్లేవంటారు. కాలువ మీద గట్టి బండలు సమంగా పరిస్తే సగం దారి పడినట్టే. బజారు ఇరుకంటారు. ఇరుకు బజారులో తక్కువ చోటు తీసుకునేది మనిషా, కారా? తోపుడు బండ్లు ఆక్రమిస్తాయంటారు. గంటల కొద్దీ నిలబెట్టిన కారు ఆక్రమణ కాదు గానీ, అరటిపండ్ల బండి ఆక్రమణా? వీధి వ్యాపారుల చట్టం 2014లోనే వచ్చింది. పట్టణ కమిటీలో నూటికి నలభై మంది తగ్గకుండా వ్యాపారులే ఉండాలని అది చెప్తుంది. నడిచేటోళ్లకూ అమ్మేటోళ్లకూ తగాదా పెట్టనీయకండి. ఇద్దరూ మనోళ్లే.

అయితే ఏ దారి ముందు, ఏది వెనక? వరస ఇది.

ఒకటి: గేరి నుంచి బడికి, ఆసుపత్రికి, మార్కెట్ యార్డుకు, బస్టాండుకు పోయే దారులు.

రెండు: మనుషులు చచ్చిన చోట్లు. ఎఫ్‌ఐఆర్‌లు స్టేషన్లో ఉంటాయి, సమాచార హక్కు చట్టం కింద అడగండి.

మూడు: రైలుపట్టా దగ్గర, చౌరస్తా దగ్గర తెగిపోయిన దారులు. నడుమ తెగిన దారి దారే కాదు.

నాలుగు: పల్లెల నుంచి పట్నంలోకి వచ్చే పెద్ద రోడ్ల పక్కన సైకిలుకు వేరే దారి. ఊరి లోపలి సందుల్లో బండ్ల వేగానికి కళ్లెం.

పార్కు చుట్టూ వాకింగ్ ట్రాకు ఆఖరున.

కొలతలు కూడా మనం కొత్తగా అడిగేవి కావు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012లోనే రాసింది: నడక దారి అడ్డం లేకుండా కనీసం 1.8 మీటర్లు ఉండాలి, గట్టు ఎత్తు 15 సెంటీమీటర్లు దాటకూడదు. 2025 మే 14న సుప్రీంకోర్టు ఫుట్‌పాత్ జీవించే హక్కులో భాగమని చెప్పింది.

కార్యకర్తలారా, ఆఫీసు లెక్కల్లో మోటారు బండ్లుంటాయి, మనుషులుండరు. లెక్క మనమే తీయాలి. తెల్లవారి అయిదు నుంచి తొమ్మిది దాకా గేరి మలుపులో ఇద్దరు నిలబడండి. నడిచేటోళ్లు ఎందరు, సైకిళ్లు ఎన్ని, ముసలోళ్లు ఎందరు, బడి పిల్లలు ఎందరు, కాగితం మీద గీతలు పెట్టండి. మన జనం సుగ్గికి గుంటూరు పోయిన నెలల్లో లెక్క తీస్తే గేరి ఖాళీగా కనబడుతుంది. వాళ్లున్నప్పుడే తీయండి. ఆ కాగితం వార్డు కౌన్సిలరు చేతిలో, కమిషనరు టేబుల్ మీద పెట్టి రసీదు తీసుకోండి.

మూడు రోడ్లు తెరిచి నాలుగోది మూసిన వైకోం రాజీ మనకొద్దు. పెద్ద బజారులో మొదలై గేరి మొగదల దగ్గర ఆగిపోయే ఫుట్‌పాత్ మనకొద్దు. గేరిలో మొదలు పెట్టండి, పెద్ద బజారు దాకా మేమే నడిచొస్తాం.

జై భీం!